ఆటను విప్పి చూసే పిల్లవాణ్ణి హ్యాకర్ అనకండి



పోయిన నెలలో ఒక రాత్రి. ఇషా అయి గంట దాటింది. ఆఖరి పేజీ ప్రింటుకు పంపి ఆఫీసు మెట్లు దిగుతుంటే ఆపా ఫోను. ఆపా వాళ్ళు తార్నాకలో, లాలాపేట వైపు ఒక గల్లీలో కిరాయికి ఉంటారు.

"జర జల్దీ రారా. మీ దుల్హా భాయ్ కంప్యూటర్ వైరు పీకి అల్మారాల పెట్టి తాళం వేసిండు. పోరడు అన్నం ముడతలేడు. వాడేదో... హ్యాకింగ్ చేస్తున్నడంట."

హ్యాకింగ్ అన్న మాట దగ్గర ఆపా గొంతు సగానికి సగం తగ్గింది. పక్క పోర్షన్ వాళ్ళకు వినబడుతుందేమోనని. ఆ భయం ఆపా ఒక్కదానిదే అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. ఇది చదివే చాలా ఇళ్ళలో ఆ భయం ఉందని నాకు తెలుసు.

నేను వెళ్ళేసరికి దుల్హా భాయ్ మంచం మీద కూర్చొని ఉన్నారు. ఆయన ఏసీ, ఫ్రిజ్ మెకానిక్. పగలంతా తిరిగి వచ్చిన మనిషి, ఒంటి మీద పని బట్టలు కూడా మార్చలేదు. భాంజా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మీ ఓ మూల తస్బీ తిప్పుతోంది.

"చూడు మియా, ఇంటర్ ఎంపీసీల చేర్పించినా. లెక్కల్ల మార్కులు తగ్గినయ్. రాత్రి నీళ్ళు తాగనీకి లేస్తే వీడు నల్ల స్క్రీన్ ముందట కూసున్నడు. ఆట కాదు, బొమ్మ కాదు, వట్టి అంకెలు, అక్షరాలు. ఏందిర ఇది అంటే ఆట లోపలి ఫైల్ మారుస్తున్న అంటడు. రేపు పోలీసులొచ్చి నీ కొడుకు ఏం చేస్తున్నడని అడిగితే నేనేం జవాబ్ చెప్పాలె?"

నా దగ్గరా జవాబు లేదు. "పది నిమిషాలు వైరు ఇవ్వండి దుల్హా భాయ్. వాడు చేసింది నాకు చూపిస్తాడు. ఆ తర్వాత మీ ఇష్టం" అన్నాను. తాళం తీశారు.

వాడు చూపించింది ఇదీ.

ఆట పేరు ప్రిన్స్ ఆఫ్ పర్షియా. మీలో నా వయసువాళ్ళు ఎప్పుడో ఒకసారి ఆడే ఉంటారు. జఫర్ అనే వజీర్ రాకుమారిని బంధిస్తాడు. ఖైదులో ఉన్న కుర్రవాడు 60 నిమిషాల్లో కోట పైకి ఎక్కి ఆమెను కాపాడాలి. దూకాలి, పరుగెత్తాలి, తల్వార్ తిప్పాలి. టైమ్ అయిపోతే ఆట ఖతం. మూడో లెవెల్‌కు చేరాక ఆటను మధ్యలో దాచుకోవచ్చు, మళ్ళీ వచ్చి ఆ లెవెల్ నుంచి ఆడొచ్చు. దాచినప్పుడు ఒక చిన్న ఫైల్ తయారవుతుంది. ఎంత చిన్నదంటే ఎనిమిది బైట్లు. అంటే ఎనిమిది చిన్న గూళ్ళు, ఒక్కో గూట్లో ఒక అంకె.

మా వాడికి ఒక సవాల్ పుట్టింది. నాకు ఇంకా ఎన్ని నిమిషాలు మిగిలాయో ఈ ఆటకు మర్నాడు కూడా యాద్ ఉంటోంది కదా, ఎక్కడ రాసి పెట్టుకుంటోంది? 31 నిమిషాలు మిగిలి ఉన్నప్పుడు ఒకసారి దాచాడు. కాసేపు ఆడి 29 ఉన్నప్పుడు ఇంకోసారి దాచాడు. రెండు ఫైళ్ళనూ పక్కపక్కన పెట్టి ఏ గూట్లో అంకె మారిందో చూశాడు. మొదటి గూట్లో ముందు 1ఎఫ్ అని ఉంది, తర్వాత 1డి అని ఉంది. దుల్హా భాయ్ రాత్రి చూసి భయపడ్డ అంకెలూ అక్షరాలూ అవే.

"1ఎఫ్ అంటే 31 ఎట్లయితదిరా?" అన్నాను.

"మామూ, మనం పదుల లెక్కల రాస్తం. ఇది పదహార్ల లెక్క. తొమ్మిది దాటినంక పదికి ఏ, పదకొండుకు బి, అట్ల పదిహేనుకు ఎఫ్. పదహారు కాంగనే పక్క గళ్ళ ఒకటి."

నాకు ఎక్కలేదు. మూల నుంచి అమ్మీ అంది, "ఆనాల హిసాబ్ కదా బేటా. పదహారు ఆనాలు నిండితే ఒక రూపాయి. రూపాయి పదిహేను ఆనాలంటే ముప్పై ఒక్క ఆనా."

భాంజా అమ్మీ వైపు నోరు తెరిచి చూశాడు. నేనూ చూశాను. వాళ్ళ అబ్బా కిరాణా దుకాణంలో కూర్చున్నప్పుడు విన్న లెక్క అది. చారాణా, ఆఠాణా, బారాణా అనే మాటలు మన నోళ్ళలో ఇంకా ఉన్నాయి. చారాణా కోడికి బారాణా మసాలా అని రోజూ అంటాం. ఆ లెక్క ప్రకారం 1డి అంటే రూపాయి పదమూడు ఆనాలు, ఇరవై తొమ్మిది. సరిగ్గా స్క్రీన్ మీద కనిపించిన నిమిషాలు.

ఆ మొదటి గూట్లో వాడు 3సి అని రాశాడు. మూడు రూపాయల బారాణా. అమ్మీ వేళ్ళ మీద లెక్కేసి అరవై అంది. ఆట తెరిస్తే పూర్తి 60 నిమిషాలు మిగిలి ఉన్నాయని చూపించింది.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. నిమిషాలకు రెండు గూళ్ళు ఉన్నాయట. కానీ చిన్న భాగం ముందు, పెద్ద భాగం వెనక. మనం రాసేదానికి ఉల్టా. "ఉర్దూ తెలుగుకు ఉల్టా చదివినట్టు" అన్నాడు వాడే. ఆ తర్వాతి రెండు గూళ్ళు నిమిషంలో సన్న ముక్కల లెక్క, ఆ తర్వాత ఏ లెవెల్లో ఉన్నాడన్నది, ఆఖర్న ప్రాణం ఎంత ఉందన్నది. ఎనిమిది గూళ్ళలో కథ మొత్తం.

"మరి 60 నిమిషాలు వచ్చినయ్ కదా, గెలిచినవా?" అని అడిగాను.

"లేదు మామూ. ఎంత కావాలంటె అంత టైమ్ వచ్చినంక ఆడబుద్ధి కాలేదు. ఇంక లోపల ఏముందో చూద్దామనిపించింది."

ఈ ఒక్క మాట కోసమే నేను ఈ రోజు రాస్తున్నాను. ఆట వాణ్ణి పట్టుకోలేదు. వాడే ఆటను పట్టుకున్నాడు. రాత్రంతా ఫోన్ పట్టుకొని ఆడే పిల్లవాడూ, రాత్రి ఒక ఫైల్‌ను విప్పి చూసే పిల్లవాడూ బయటికి ఒకేలా కనిపిస్తారు. ఇద్దరి కళ్ళూ ఎర్రగానే ఉంటాయి. కానీ ఇద్దరూ ఒకటి కాదు. మనం ఇద్దరికీ ఒకే తాళం వేస్తున్నాం.

అయితే దుల్హా భాయ్ భయాన్ని నేను జాహిలత్ అనను. 2007 మే 18న మక్కా మసీదులో జుమా నమాజ్ వేళ బాంబు పేలినప్పుడు నేను కొత్త రిపోర్టర్‌ని. ఆ తర్వాత ఎందరు పిల్లల్ని పట్టుకెళ్ళారో, వాళ్ళ అమ్మీలు స్టేషన్ల చుట్టూ ఎలా తిరిగారో చూశాను. ఏళ్ళు గడిచాక కోర్టులు నిర్దోషులని వదిలిపెట్టాయి. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కొందరికి పరిహారం కూడా ప్రకటించింది. పోయిన వఖ్త్ మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. అలాంటి షహర్‌లో ముస్లిం తండ్రి తన కొడుకును అర్ధరాత్రి నల్ల స్క్రీన్ ముందు చూస్తే గుండె జారడం తప్పు కాదు. పక్కింటి పిల్లవాడు అదే పని చేస్తే "మా వాడు ఇంజినీర్ అవుతాడు" అంటారు. మనవాడు చేస్తే మన గొంతే తగ్గిపోతుంది.

కానీ భయంతో ఇల్మ్‌కు తాళం వేస్తే నష్టపోయేది ఎవరు? కాబట్టి కానూన్ ఏమంటుందో ముందు తెలుసుకుందాం. ఆ రాత్రి నేను దుల్హా భాయ్‌కి చెప్పిందే ఇక్కడ చెబుతున్నాను.

మన దేశపు 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ఉంది. ఏయే పనులు కాపీరైట్ ఉల్లంఘన కావో అందులో రాశారు. 1999లో చేసిన సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాముల గురించి కొన్ని మాటలు చేర్చారు. ఒక ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తోందో, దాని వెనక ఉన్న ఆలోచనలూ సూత్రాలూ ఏమిటో తెలుసుకోవడానికి దాన్ని వాడుతూ గమనించడం, చదవడం, పరీక్షించడం ఉల్లంఘన కాదు. చట్టబద్ధంగా సంపాదించుకున్న కాపీని సొంతానికి, వ్యాపారం కోసం కాకుండా, మార్చుకోవడం కూడా ఉల్లంఘన కాదు. మా భాంజా ఎనిమిది గూళ్ళలో చేసింది ఈ రకం పనే.

ఆ సెక్షన్‌లో ఒక షరతు ఉంది చూడండి, చట్టబద్ధంగా సంపాదించుకున్న కాపీ అని. "ఈ ఆట నీకు ఎక్కడిది?" అని అడిగాను. వాడు తల దించుకున్నాడు. క్లాసు దోస్త్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడట. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనలేదు. అంటే చూడండి, తప్పు కాని పనికి వాడికి అన్నం మానేసేంత తిట్లు పడ్డాయి. తప్పైన పనిని ఎవరం అడగనే లేదు. కాపీ సీడీలు, కాపీ సినిమాలు మన ఇళ్ళలో అంత మామూలైపోయాయి. ఒకరి మెహనత్‌ను ఉజ్రత్ ఇవ్వకుండా తీసుకోవడం హుఖూఖుల్ ఇబాద్ లెక్కలోకి వస్తుందని మనం జుమా బయాన్‌లో వింటాం, పెన్‌డ్రైవ్ దగ్గర మరిచిపోతాం. నేనూ కడిగిన ముత్యాన్ని కాదు. మా స్టూడెంట్ రోజుల్లో తార్నాక నెట్ సెంటర్లలో గంట లెక్కన డబ్బులిచ్చి ఆడిన ఆటల్లో ఏది కొన్నదో ఏది కాపీనో ఒక్కసారీ అడగలేదు.

ఆ ఆట పుట్టిన కథ కూడా వాడికి చెప్పాను. అది వింటుంటే దుల్హా భాయ్ కూడా ఇటు తిరిగారు. 1985లో జోర్డాన్ మెక్నర్ అనే అమెరికా కుర్రవాడు తన తమ్ముణ్ణి పరుగెత్తించి, దూకించి వీడియో తీశాడు. ఆ కదలికలను ఒక్కొక్క బొమ్మగా గీసి ఆపిల్ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. మనం చూసే రాకుమారుడు పరుగెత్తేది ఆ తమ్ముడి పరుగే. సంగీతం కట్టింది వాళ్ళ నాన్న. ఆట 1989లో వచ్చింది. మధ్యలో ఒకచోట అద్దంలోంచి దూకితే మన నీడ బయటికొచ్చి మనకే దుష్మన్ అవుతుంది. ఆ నీడ ఎందుకు పుట్టిందో తెలుసా? కంప్యూటర్ మెమరీలో ఇంకో మనిషి బొమ్మ పెట్టడానికి జాగా లేదు. ఉన్న బొమ్మనే ఒక్క బిట్టు పక్కకు జరిపి, దాని మీదే కలిపితే నీడలాంటి మనిషి వచ్చాడు. తంగీలో హునర్ ఎట్లా పుడుతుందో మన ఇళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ ప్రోగ్రామ్ రాసిన డిస్కులు ఎక్కడో పోయాయి అనుకున్నారు. 2012లో వాళ్ళ నాన్నే ఇంట్లో ఒక డబ్బాలో దొరికాయని కొడుక్కు పంపించాడు. పాత డిస్కుల్లోంచి దాన్ని జాగ్రత్తగా బయటికి తీసి, మెక్నర్ ఆ ఏడాదే ఇంటర్నెట్‌లో అందరూ చదివేలా పెట్టాడు. ఆట ఎలా కట్టాడో ప్రతి లైనూ అక్కడ ఉంది. అంటే ఆ ఇంటి తండ్రి కొడుకు రాసిన డిస్కులను ఇరవై ఏళ్ళు దాచాడు. మన ఇంటి తండ్రి వైరును అల్మారాలో దాచాడు. నేను ఈ పోలిక గట్టిగా చెప్పలేదు. దుల్హా భాయ్ తనే నవ్వారు.

ఇంకో సంగతి. పబ్జీ పేరు వినని ఇల్లు మనలో ఉండదు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం ఆ మొబైల్ ఆటను నిషేధించేదాకా మన గల్లీల్లో ప్రతి అరుగు మీదా అదే. ఆ ఆట ఎక్కడి నుంచి వచ్చింది? బ్రెండన్ గ్రీన్ అనే ఐర్లండ్ మనిషి, ఆర్మా 2 అనే ఒకరి ఆటను ఇష్టంగా విప్పి, మార్చుకుంటూ పోయాడు. ఒక్కడే మిగిలేదాకా ఆడే పద్ధతి అలా తయారైంది. 2017లో అదే పబ్జీ అయింది. మా నెట్ సెంటర్ రోజుల కౌంటర్ స్ట్రైక్ కూడా ఇంతే. హాఫ్ లైఫ్ అనే ఆటను ఇద్దరు షౌఖీన్లు 1999లో మార్చి చేసింది. తర్వాత అసలు ఆట కంపెనీయే వాళ్ళ దగ్గర కొనుక్కుంది. 1993లో వచ్చిన డూమ్ ఆటలోనైతే బొమ్మలు, గదులు, చప్పుళ్ళు ఉన్న ఫైల్‌ను ప్రోగ్రామ్ నుంచి వేరుగా పెట్టారు. ఆడేవాళ్ళు ఎవరి కోట వాళ్ళు కట్టుకున్నారు. 1997లో ఆ ప్రోగ్రామ్‌నే అందరికీ ఇచ్చేశారు.

మన పిల్లలు ఈ ఆటలన్నీ ఆడారు. గంటలు, నెలలు, చూపు, చదువు ఇచ్చి మరీ ఆడారు. విప్పినవాడు కట్టేవాడయ్యాడు. మనం ఆడేవాళ్ళుగానే మిగిలాం. మాకు ఆ రోజుల్లో ఆటను విప్పి చూడొచ్చని తట్టనే లేదు. తట్టించేవాళ్ళూ లేరు.

మన జల్సాల్లో ఒక అలవాటు ఉంది. తాలీమ్ మీద తఖ్రీర్ అంటే అల్ ఖ్వారిజ్మీ పేరు రావాల్సిందే. అల్గారిథమ్ అన్న మాట ఆయన పేరు నుంచే వచ్చిందని చెబుతాం, సుబ్‌హానల్లాహ్ అంటాం, బిర్యానీ తిని ఇంటికొస్తాం. ఇంటికొచ్చి అల్గారిథమ్ రాస్తున్న పిల్లవాడి వైరు పీకేస్తాం. అల్ జజరీ 1206లో యాభై యంత్రాల గురించి కితాబ్ రాశాడు. నీటి గడియారాలు, నీళ్ళు తోడే యంత్రాలు, తమాషా బొమ్మలు. చూసి ఆశ్చర్యపొమ్మని రాయలేదు. ఏ ముక్క ఎక్కడ బిగించాలో, చదివినవాడు చేసుకునేటట్టు రాశాడు. ఆ బుజుర్గుల వారసులమని చెప్పుకోవడానికి పేరు చాలదు, పని కావాలి.

మర్నాడు ఆదివారం. భాంజాను తీసుకొని ఉస్మానియా క్యాంపస్‌కు నడిచాను. తార్నాక నుంచి ఎంత దూరమని. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్నాం. 1939లో ప్రారంభమైన ఆ రాతి భవనంలోనే నేను తెలుగు చదివాను. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. తెలుగులో నోరు విప్పితే క్లాసు మొత్తం నవ్వేది. నాకు తెలుగు ఎట్లా వచ్చిందో వాడికి చెప్పాను. సంధులు విడదీయడంతో వచ్చింది. ఇల్లెక్కడ అంటే నాకు ఒకే మాటలా వినబడేది. ఇల్లు, ఎక్కడ అని విడదీసి, మధ్యలో ఏ అక్షరం పోయిందో మా ఉస్తాద్ చూపించారు. ఆ రోజు నుంచి ప్రతి మాటనూ విప్పి చూడటం షౌఖ్ అయింది. విప్పడం వచ్చాక కట్టడం వచ్చింది. ఈ రోజు నా రోటీ ఆ భాషలోనే. "నువ్వు ఆ ఫైల్‌కు చేసింది సంధి విడదీయడమేరా" అన్నాను.

ఆ యూనివర్సిటీ కథ కూడా అదే. 1918లో యూనివర్సిటీ ఏర్పడేనాటికి సైన్సు, డాక్టరీ, ఇంజినీరింగ్ ఇంగ్లీషులో మూసి ఉన్న డబ్బాలు. వాటిని ఉర్దూలో తెరవాలని ముందే, 1917లో, దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి మొదటి నాజిమ్. జోష్ మలీహాబాదీ లాంటి షాయర్ కూడా అందులో పనిచేశారు. ఒక్కో ఇంగ్లీషు మాటను విప్పి, దాని అర్థం పట్టి, ఉర్దూలో కొత్త ఇస్తిలాహ్ కట్టారు. కితాబ్‌లను చేరవేసి ఊరుకోలేదు, లోపలికి వెళ్ళి చూశారు. 1948 తర్వాత ఆ మీడియం పోయింది. ఆ హిమ్మత్ కూడా పోవాల్సిన పని లేదు.

భాంజా కాసేపు ఆలోచించి, "మామూ, మెక్నర్ రాసిందైతే దొరుకుతది. కానీ నేను ఆడిన డాస్ ఆట వేరేవాళ్ళు మళ్ళ రాసిండ్రు. అంటే అది తర్జుమానా?" అన్నాడు. అవునన్నాను. ఆపిల్ కంప్యూటర్‌కు రాసినదాన్ని ఇంకో కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చారు. దారుల్ తర్జుమా వాళ్ళు పడ్డ తిప్పలే వాళ్ళూ పడి ఉంటారు.

ఇప్పుడు అమ్మీ అబ్బాలకు నా మాట సూటిగా చెబుతాను.

మొదటిది, ఫోన్‌లో ఆడొచ్చు కానీ విప్పడం కష్టం. ఫోన్ మూసిన డబ్బా. పిల్లవాడికి నిజంగా నేర్పాలంటే కీబోర్డు ఉన్న పాత కంప్యూటర్ చాలు. భాంజా వాడేది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ డబ్బా. వాడి అన్న చేతిలో ఉన్న ఫోన్ ధరలో సగం కూడా కాలేదు. దాన్ని హాల్లో పెట్టండి, మూల గదిలో కాదు. నలుగురు తిరిగే చోట చేసే పనికి దాపరికం అక్కర్లేదు, అనుమానం రాదు.

రెండోది, హద్దు చెప్పండి. తన మెషీన్, తన కాపీ, తన ఫైల్. అంతవరకూ విప్పుకోవచ్చు. ఇంకొకరి పాస్‌వర్డ్, ఇంకొకరి అకౌంట్, పక్కింటి వైఫై ముట్టుకోకూడదు. అది తాళం వేసిన ఇంట్లోకి దూరడం. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జుర్మానా పడొచ్చు. కాపీ కాకుండా వేసిన తాళాన్ని హక్కులు కాజేయడానికి పగలగొట్టడమూ నేరమే, 2012 నుంచి. పదిమందితో ఆన్‌లైన్‌లో ఆడే ఆటలో దొంగ మార్పులు చేయడం ఎదుటివాళ్ళ మీద జుల్మ్. ఒంటరిగా ఆడే ఆటలో నిమిషాలు పెంచుకోవడం వేరు, పోటీలో మోసం వేరు. పిల్లలకు ఈ తేడా చెబితే అర్థమవుతుంది. చెప్పకుండా తిడితే అర్థం కాదు.

మూడోది, డబ్బు పెట్టి ఆడే ఆటలు. ఇక్కడ బహస్ లేదు, అది జువా. తెలంగాణలో 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని ఆపారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా పిల్లవాడికి హరామ్ అని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి. వాడితోనే పాచిక వేసే చిన్న ప్రోగ్రామ్ రాయించండి. దుకాణం నడిపేవాడికి రూపాయికి ఒక్క పైసా మిగిలేలా లెక్క పెట్టి, పదివేల సార్లు ఆడించి చూడమనండి. ఆడేవాడి జేబు ఎలా ఖాళీ అవుతుందో వాడి కళ్ళతో వాడే చూస్తాడు.

నాలుగోది, హలాల్ దారి ఉంది, చూపించండి. చిన్నవాళ్ళకు స్క్రాచ్ ఉంది, ముఫ్త్. అందులో ఎవరు చేసిన ఆటనైనా లోపలికి వెళ్ళి చూడొచ్చు, మార్చొచ్చు. పెద్దపిల్లలకు డూమ్ ప్రోగ్రామ్ ఉంది. దానికి కావలసిన బొమ్మలను షౌఖీన్లు ఫ్రీడూమ్ పేరుతో కొత్తగా గీసి ఉచితంగా ఇచ్చారు. మెక్నర్ పెట్టిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా ప్రోగ్రామ్ చదవడానికి ఉంది. పెన్‌డ్రైవ్ దొంగతనం అవసరమే లేదు.

ఐదోది నా గలతీ. ఆ రాత్రి నేను మాట్లాడినంతసేపూ భాంజాతోనే మాట్లాడాను. వాడి చెల్లె, తొమ్మిదో తరగతి, వంటింటి తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది. వెళ్ళేటప్పుడు మెల్లగా అడిగింది, "మామూ, నిమిషాలకు రెండు గూళ్ళు ఎందుకు? అరవై ఒక్క గూట్లనే పడతది కదా?" మా ఇద్దరికీ ఆ సవాల్ రాలేదు. ఒక్క గూట్లో 255 దాకా పడుతుంది, 60కి రెండో గూడు నిజంగా ఖాళీ జాగానే. ఆపా "నీకెందుకే ఇవన్నీ" అంటూ గిన్నెలు చేతికిచ్చింది. నేనూ ఏమీ అనకుండా చెప్పులు వేసుకున్నాను. ఇంటికి పోయేదాకా అది గుచ్చుతూనే ఉంది. మర్నాడు క్యాంపస్‌కు కూడా వాణ్ణొక్కణ్ణే తీసుకుపోయాను. మన ఇళ్ళలో కంప్యూటర్ అబ్బాయిది, ఫోన్ కూడా అబ్బాయిదే, చూసే హక్కు మాత్రం అమ్మాయిది. ఇల్మ్ కోరడం ప్రతి ముస్లిం మీదా ఫర్జ్ అని చెప్పుకునే మనం ఆ ఫర్జ్‌ను సగం ఇంటికే పంచుతున్నాం.

మరి చదువు? మార్కులు తగ్గింది నిజం. దుల్హా భాయ్ చెప్పింది నిజం. షౌఖ్ పేరుతో ఫజర్ పోగొట్టుకోవడం, పరీక్ష పోగొట్టుకోవడం నేను ఒప్పుకోను. రాత్రి పదిన్నరకు కంప్యూటర్ బంద్. పరీక్షల ముందు నెల పూర్తిగా బంద్. భాంజా ఒప్పుకున్నాడు, మూతి ముడుచుకొనే ఒప్పుకున్నాడు. కానీ బంద్ పెట్టడానికీ బర్బాద్ అని ముద్ర వేయడానికీ తేడా ఉంది. మొదటిది తర్బియత్. రెండోది పిల్లవాడి దిల్ విరిచేస్తుంది.

ఆ రాత్రి నేను దుల్హా భాయ్‌ను ఒక మాట అడిగాను. "మీరు మెకానిక్ ఎట్లయిండ్రు?"

ఆయన చాలాసేపు చెప్పలేదు. తర్వాత చెప్పారు. ఎనిమిదో క్లాసులో వాళ్ళ అబ్బా రేడియోను విప్పారట, లోపల ఎవరు మాట్లాడుతున్నారో చూద్దామని. మళ్ళీ బిగించడం రాలేదు. బెల్టుతో దెబ్బలు పడ్డాయి. "కానీ ఆ రోజే తెలిసింది నాకు, డబ్బా లోపల ఎవడు ఉండడని. వైర్లే ఉంటయని."

ఆ మాట అని ఆయన లేచి కంప్యూటర్ దగ్గర స్టూలు వేసుకొని కూర్చున్నారు. "ఏదీ, చూపెట్టు" అన్నారు కొడుకుతో. కాసేపు చూశారు. తల్వార్ పట్టుకున్న పహరావాడు గుంత దాకా వచ్చి ఆగిపోవడం చూసి అడిగారు, "వీడెందుకు దూకడు? నీ వాడు దూకుతడు కదా."

భాంజా దగ్గర జవాబు లేదు. "రేపు చూసి చెప్త అబ్బా" అన్నాడు. అని అన్నం ప్లేటు ముందుకు లాక్కున్నాడు.

అల్మారా తాళం ఇంకా దుల్హా భాయ్ జేబులోనే ఉంది. రాత్రి పదిన్నరకు వైరు లోపలికి, మర్నాడు సాయంత్రం అసర్ తర్వాత బయటికి. దానికి నేనేమీ అనను. తాళం ఉండటం తప్పు కాదు. తీసేవాళ్ళు ఉండాలి.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పిల్లవాడో పిల్లో ఉంటే, ఈ రోజు ఇషా తర్వాత వైరు పీకకముందు పక్కన స్టూలు వేసుకొని కూర్చోండి. చూపెట్టు బేటా అనండి. మీకు అర్థం కాకపోయినా ఒక్క సవాల్ అడగండి. జవాబు వెతికే పని వాళ్ళు చూసుకుంటారు.